బొట్టు పెట్టి పిలిస్తే

మూడు రోజులుగా వాళ్ళు ఒకే గుమ్మడికాయను గీస్తున్నారు.

ఎల్బే నది ఒడ్డున, హాంబర్గ్‌కీ మాగ్డెబర్గ్‌కీ నడుమ ఎక్కడో ఉన్న పల్లె అది. రైలు దిగి బస్సు పట్టుకుంటే తప్ప చేరలేం. నల్ల దూలాల మధ్య ఎర్ర ఇటుకలు పేర్చి కట్టిన పాత రైతిల్లు, పక్కనే ఒకప్పుడు ఆవుల్ని కట్టేసిన కొట్టం. ఇప్పుడా కొట్టానికి సున్నం కొట్టి, అద్దాల కిటికీలు పెట్టి, ఈజిల్ స్టాండులు వరసగా నిలబెట్టారు. తరతరాలుగా ఎవరో నడుం విరిగేలా పేడ ఎత్తిన చోట, సిటీ నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు చేతులకు రంగంటకుండా మనశ్శాంతి గీసుకుంటున్నారు. బల్ల మీద గుమ్మడికాయ. దాన్ని పండించిన చేతుల్ని గీయాలని ఒక్కరికీ తోచలేదు.

సంయుక్త కడుపులో మంట అక్కడ మొదలైంది.

ఆమె మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదువుతోంది. ఖమ్మం నుంచి తెచ్చుకున్న రెండు పెట్టెల్లో ఒకటి నిండా పుస్తకాలే. పెదనాన్న కూతురు ప్రవీణ హాంబర్గ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తుంది. ఆఫీసులో పని తెమలక బావ రవికిరణ్ ఈ బొమ్మల శిబిరానికి రాలేదు. "నువ్వు రావే, నీకూ కాస్త గాలి మార్పు" అని ఫోన్లో ఎంతో ప్రేమగా పిలిచింది అక్క. తీరా వచ్చాక ఆరేళ్ళ కూతురు ఈషా చేతిని ఆమె చేతిలో పెట్టి, తను ఏప్రన్ కట్టుకుని కొట్టంలోకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి, ఈషా అన్నం తిన్నదా, జడ వేశావా అని అడిగింది. చుట్టరికం పేరు పెట్టి ఆయాను తెచ్చుకుందన్నమాట. శ్రమకు కూలి ఇవ్వకపోతే దోపిడీ అంటారు, శ్రమకు పేరే లేకుండా చేస్తే కుటుంబం అంటారు. ఈ మాట ఎక్కడ చదివిందో గుర్తులేదు కానీ, ఆ మూడు రోజుల్లో అది సంయుక్త నాలుక చివరే ఉంది.

ఇంటి మధ్యలో పెద్ద నడవా. ఒకప్పుడు గడ్డి బళ్ళు నేరుగా లోపలికి తోలుకొచ్చేవారట, అంత ఎత్తు తలుపు. పగలు కూడా అక్కడ చీకటే. పాత కొయ్య, తడిసిన రాయి, ఎప్పుడో విరిగిపోయిన పాల పులుపు... అన్నీ కలిసిన ఒక వాసన. లైటుకు గోడ మీద గుండ్రటి బొత్తాం. నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. కరెంటు ఆదా చేసే ఏర్పాటు.

ఆ నడవా గోడకే ఉంది పటం. మనిషంత ఎత్తు. రైతు, రైతు భార్య, వాళ్ళ ముందు మెట్టు మెట్టుగా నలుగురు పిల్లలు. చివరన, చట్రానికి ఒరుసుకుంటూ ఇంకో మనిషి. తెల్ల ఏప్రన్, మొరటు చేతులు. ముఖం మాత్రం లేదు. మెడ పైనుంచి అంతా ముదురు గోధుమ రంగు పులిమేశారు, గోడలో గోడలా. కుడి చెయ్యి కిందికి చాచి, వేళ్ళు దగ్గరికి మడిచి ఉంది. చిన్నపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు. కానీ ఆ చేతిలో ఏమీ లేదు.

ఇంటావిడ ఫ్రావ్ హార్టుంగ్‌కు డెబ్బై దాటాయి. మొదటి రోజే అందరికీ చెప్పింది, ఇంట్లో ఏది కావాలంటే అది ముట్టుకోండి, ఆ పటం తప్ప అని. ఆ చివరి మనిషి ఎవరని సంయుక్త అడిగితే, పనిమనిషి అని ఒక్కమాట అని, వెళ్ళి సూప్ కలుపుకుంది.

పనిమనిషి. అందుకే ముఖం లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సంయుక్త ఊరుకోలేదు. బల్ల చుట్టూ ఉన్న జర్మన్ ఆడవాళ్ళకు అర్థం కాకుండా తెలుగులో అక్కను కడిగేసింది. చెరిపినవాళ్ళు రాసిందే చరిత్ర అంది. ఆ ఏప్రన్ ఉతికిన చేతులకు ముఖం కూడా దక్కనివ్వలేదు చూడు అంది. ఇలాంటి ఇంట్లో కూర్చుని గుమ్మడికాయలు గీయడమంటే ఆ చెరపడంలో మనమూ ఓ చెయ్యి వేసినట్టే అంది. ప్రవీణ రొట్టెకు వెన్న రాసుకుంటూ వింది.

"అయిందా కామ్రేడ్?" అంది చివరికి. "అంత జాలిగా ఉంటే వెళ్ళి బొట్టు పెట్టి పిలువు ఆమెను. ఒక కంచం ఎక్కువ పెట్టమంటాలే."

ఈషా కిలకిలా నవ్వింది. బొట్టు పెట్టి పిలవడమంటే ఆ పిల్లకు బాగా తెలుసు. పోయిన నెల దసరాకు ప్రవీణ హాంబర్గ్ ఫ్లాట్‌లో బొమ్మల కొలువు పెట్టింది. కుంకుమ భరిణె పట్టుకుని ఈషా కూడా అమ్మ వెంట తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది. మనిషి ఎదురుపడితే నుదుట బొట్టు, ఇల్లు తాళం వేసి ఉంటే గుమ్మానికి బొట్టు. ఆ గుమ్మం మీది ఎర్ర మరక ఏమిటని బిల్డింగ్ చూసుకునే జర్మన్ ఆయన ఇంటింటికీ తిరిగి అడిగాడు, అదొక పెద్ద నవ్వుల కథ అయింది. పేరంటానికి వచ్చినవాళ్ళకు తాంబూలం అందించే పని కూడా ఈషాదే. పిలిచాక ఎవర్నీ ఉత్త చేతుల్తో పంపకూడదని బామ్మ వీడియో కాల్‌లో నేర్పింది.

మర్నాడు శనివారం. అందరూ కొట్టంలో ఉన్న సమయం చూసి సంయుక్త నాలుగు రంగు డబ్బాలు, ఒక కుంచె నడవాలోకి తెచ్చింది. స్టూలు ఎక్కింది. తను చేస్తున్నది అల్లరి కాదని, న్యాయమని గట్టిగా అనుకుంది. బొమ్మలు వేయడం ఆమెకు రాదు. ఏదో రెండు కళ్ళూ ఒక నోరూ పెట్టి దిగిపోదామనుకుంది. కానీ కుంచె ఆనగానే చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. కింద ఎవరో గీతలు గీసి ఉంచితే వాటి మీద దిద్దినట్టు... వెడల్పాటి దవడ, పలచటి పెదాలు, దగ్గరదగ్గరగా ఉన్న కళ్ళు. లైటు ఆరిపోయినప్పుడల్లా ఈషా పరిగెత్తి బొత్తాం నొక్కుతోంది. ఒకసారి ఆలస్యమైంది. చీకట్లో కూడా తన చెయ్యి ఆగలేదన్న సంగతి సంయుక్త తర్వాతెప్పుడో గుర్తు తెచ్చుకుంది.

"పిన్నీ, ఆంటీకి బొట్టు లేదు" అంది ఈషా.

సంయుక్తకు అక్క వెటకారం గుర్తొచ్చింది. కసిగా నవ్వుకుని, ఉంగరం వేలు ఎర్ర రంగులో ముంచి, ఆ నుదుటి మధ్య అద్దింది. నుదురు చల్లగా తగిలింది. అంతటితో ఆపినా సరిపోయేది.

"మా ఇంట్లో పేరంటం. మీరు తప్పకుండా రావాలి" అంది, ప్రవీణ గొంతును అనుకరిస్తూ.

"ఎప్పుడో చెప్పలేదు. టెర్మిన్ చెప్పకపోతే ఎవరూ రారు పిన్నీ."

జర్మనీలో పుట్టిన పిల్ల. డాక్టరు దగ్గరికైనా, పుట్టినరోజుకైనా టెర్మిన్ ఉండాలి, ముందే ఖాయం చేసిన రోజూ వేళా.

"రేపు సాయంత్రం," అంది సంయుక్త పటం కళ్ళలోకి చూస్తూ, "దీపాలు పెట్టే వేళకు."

*

ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిరిగాయి. ఏటా అక్టోబరు చివర జరిగేదే. ఫోన్లు వాటంతట అవే సర్దుకున్నాయి, మనుషులే సర్దుకోలేదు. నిన్నటి లెక్కన వెలుగు ఇంకా చాలాసేపు ఉంటుందని, నది మీద పొగమంచు గీద్దామని, ఫ్రావ్ హార్టుంగ్ అందర్నీ వ్యానులో ఎక్కించుకుని వెళ్ళింది. వాళ్ళు వెనక పెరటి దారినే రాకపోకలు సాగించేవాళ్ళు కాబట్టి నడవాలోని పటం వైపు ఎవరూ చూడలేదు. వెళ్తూ వెళ్తూ ప్రవీణ, పిల్లకు ఏదైనా తినిపించవే అని కేకేసి పోయింది.

సంయుక్త వంటింట్లో ఫోను పట్టుకు కూర్చుంది. పటం ఫొటోకు రెండు పేరాల వ్యాఖ్య రాస్తోంది. చెరిపేసిన ముఖాలన్నీ ఒకనాడు తిరిగొస్తాయి అని మొదలుపెట్టింది. వాక్యం బాగుంది. ఇంకా బాగుండాలని కొట్టేసి మళ్ళీ రాసింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. కిటికీ అవతల పొలాలు బూడిద రంగుకు తిరిగి, ఆ తర్వాత లేకుండా పోయాయి. ఆమె తలెత్తి చూసేసరికి కిటికీ అద్దంలో తన ముఖం తప్ప ఏమీ లేదు.

ఈషా పక్కన లేదు.

నడవాలోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల గొంతే. ఎవరికో మర్యాదగా, పెద్దమనిషిలా, తెలుగులో చెబుతోంది.

"కూర్చోండి ఆంటీ."

కాసేపు నిశ్శబ్దం. అవతల ఎవరో ఏదో అడిగినంత సేపు.

"అమ్మ లేదు. పిన్ని ఉంది."

సంయుక్త లేచింది. ఆడుకుంటోంది అనుకుంది. నడవా తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. తడిసిన ఉన్ని. నది బురద. పులిసిన పాలు. నిన్న ఉన్న వాసనే. కానీ నిన్న అది గోడల్లో ఉంది. ఇప్పుడది నడవా మధ్యలో, ఒకచోట నిలబడి ఉంది.

బొత్తాం నొక్కింది.

ఈషా బెంచీ మీద ఓ మూలకు జరిగి కూర్చుని ఉంది. పక్కన ఇంకొకరికి చోటు వదిలి. ఆ చోట రాతి నేల తడిగా ఉంది.

"లోపలికి రా నాన్నా" అంది సంయుక్త. గొంతు మామూలుగానే వచ్చింది.

"పేరంటానికి వచ్చింది పిన్నీ. నువ్వేగా పిలిచావు."

సంయుక్త నవ్వబోతూ పటం వైపు చూసింది. రైతు ఉన్నాడు. భార్య ఉంది. నలుగురు పిల్లలున్నారు. చివరన గోధుమ రంగు గోడ ఉంది... గోడే ఉంది. ఏప్రన్ లేదు. చేతులు లేవు.

లైటు ఆరిపోయింది.

చీకట్లో బొత్తాం కోసం గోడంతా తడిమింది. ఎక్కడుందో వేళ్ళకు తెలియలేదు. గుడ్డ గుడ్డకు రాసుకున్న చప్పుడు... మెల్లగా. తొందరేమీ లేనట్టు. వేలికి బొత్తాం తగిలింది.

ఈషా ఇప్పుడు బెంచీ మీద లేదు. నడవా మధ్యలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి పైకెత్తి, పిడికిలి సగం మూసి... ఎవరి చెయ్యో పట్టుకుని ఉన్నట్టు. ఎవరూ లేరు. కానీ ఆ పిల్ల మణికట్టు దగ్గర చర్మం నొక్కుకుపోయి ఉంది, నాలుగు వేళ్ళ మేర.

"తాంబూలం ఇవ్వాలి పిన్నీ" అంది గుసగుసగా. "ఊరికే పంపకూడదు."

"ఏం... ఏం కావాలట?"

ఈషా తల వంచింది. తన చేతిని తనే చూసుకుంది.

సంయుక్త మెడలోని స్కార్ఫ్ తీసి విసిరింది. చెవి దుద్దులు పీకి నేల మీద పెట్టింది. వంటింట్లోంచి ఒక ఆపిల్ తెద్దామనుకుంది కానీ వెనక్కి తిరిగే ధైర్యం లేదు. తను నమ్మనిదానికి తనే నైవేద్యం పెడుతున్న సంగతి ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. దుద్దులు పెట్టినచోటే ఉన్నాయి. వాసన ఒక అడుగు దగ్గరైంది.

లైటు ఆరింది. నొక్కింది.

వాళ్ళు పెద్ద తలుపు దగ్గర ఉన్నారు. అడ్డకర్ర తీసి గోడకు ఆనించి ఉంది. సంయుక్త పరిగెత్తి ఈషా రెండో చెయ్యి పట్టుకుని లాగింది. అటునుంచి ఎవరూ గుంజలేదు. విదిలించలేదు. ఊరికే పట్టుకుని ఉన్నారు, అంతే. ఎంతసేపైనా పట్టుకుని ఉండగలిగే పట్టు అది. ఏళ్ళ తరబడి బిందెలు మోసిన చెయ్యి, పిల్లల్ని మోసిన చెయ్యి.

ఒక్క మాట ఉంది. అంటే చాలని సంయుక్తకు తెలుసు. పిల్లను వదులు, నన్ను తీసుకెళ్ళు... ఎన్ని సభల్లో, ఎన్ని వ్యాసాల్లో, ముక్కూ ముఖం తెలియని జనం కోసం ప్రాణాలిస్తానని అంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచింది.

రాలేదు.

లైటు ఆరిపోయింది. తలుపు కిర్రుమంది. చల్లటి గాలి కాళ్ళను తాకింది. ఈషా చెయ్యి ఆమె వేళ్ళలోంచి జారుతోంది... ఒక్కో వేలూ...

తలుపు సందులోంచి వ్యాను హెడ్‌లైట్లు నడవా పొడవునా పరుచుకున్నాయి. బయట ఆడవాళ్ళ నవ్వులు. ఏమిటీ చీకటి అని ఎవరో విసుక్కుంటున్నారు. ఈషా తూలి సంయుక్త మీద పడింది. ఒళ్ళంతా మంచుగడ్డ.

*

ప్రవీణ అరవలేదు. కూతుర్ని దుప్పట్లో చుట్టి, పెద్ద తలుపు బార్లా తీసి పిల్లను చలిలో నిలబెట్టావా అని మాత్రం అంది. "సమాజాన్ని తర్వాత ఉద్ధరిద్దువు గానీ. ఒక్క పిల్లను చూసుకోలేవటే." ఆ తర్వాత పైకి వెళ్ళి పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది.

నడవాలో ఫ్రావ్ హార్టుంగ్ పటం ముందు నిలబడి ఉంది. ఏప్రన్ మనిషి తన చోట్లోనే ఉంది. ముఖంతో, బొట్టుతో. ముసలామె ఎవరు చేశారని అడగలేదు. టర్పెంటైన్ సీసా, పాత గుడ్డ తెచ్చి తుడుస్తూ, గోడకు చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది.

ఆ ముఖం చెరిపింది వాళ్ళ అమ్మమ్మట. పనిమనిషని కాదు. పటంలోని నలుగురు పిల్లల్లో చిన్నది ఆ అమ్మమ్మే. ముగ్గురు ఒక్కొక్కరే ఆ చెయ్యి పట్టుకుని నది వైపు నడిచారు, తిరిగి రాలేదు. చిన్నది మాత్రం దారిలో విడిపించుకుని వెనక్కి పరిగెత్తింది. ఆ పనిమనిషి చచ్చిపోయాక కూడా సాయంత్రాలు ఈ నడవాలో అడుగులు ఆగలేదు. అన్నయ్యల బొమ్మ ఇదొక్కటే మిగిలిందని కాల్చబుద్ధి కాక, ముఖం చెరిపేసింది.

"ముఖం లేకపోతే దారి కనపడదు. ఎవరూ పిలవకపోతే రాదు," అంది ముసలామె. ఆ తర్వాత తిరిగి సంయుక్తను చూసింది. "నువ్వు పిలవలేదు కదా?"

సంయుక్త లేదని తల ఊపింది.

దవడ పోయింది. పెదాలు పోయాయి. కళ్ళు పోయాయి. బొట్టు పోలేదు. గుడ్డ చిరిగేదాకా రుద్దినా ఆ గోధుమ రంగు మధ్య ఎర్రచుక్క అలాగే నిలిచింది.

అక్కకు చెప్పాలనుకుంది. దెయ్యాలన్నీ దొరలు జనాన్ని భయపెట్టడానికి పుట్టించిన కట్టుకథలని నిరుడు వాదించింది ఆ అక్కతోనే. ఇప్పుడు ఏమని చెప్పాలి. మర్నాడు రైల్వేస్టేషన్లో ప్రవీణ ఆమెవైపు చూడకుండా హాంబర్గ్ రైలెక్కింది. సంయుక్త కూడా పంతానికి పోయి అక్క వాట్సాప్‌ను మ్యూట్‌లో పెట్టింది. పంతం అనే అనుకుంది. లోపల ఉన్నది దానికంటే చెడ్డదని తెలుసు.

నవంబరు సగానికి వచ్చింది. మాగ్డెబర్గ్‌లో నాలుగింటికే పొద్దు గూకుతోంది. లైబ్రరీ నుంచి వస్తూ, దేనికో వాట్సాప్ కిందికి జరుపుతుంటే అక్క పేరు కనపడింది. నిన్న సాయంత్రం పంపింది. ఒక ఫొటో, ఒక వాయిస్ మెసేజ్.

ఫొటోలో హాంబర్గ్ ఫ్లాట్ గుమ్మం. తెల్ల రంగు చట్రం మీద ఎర్రటి బొట్టు. అది మనిషి ఎత్తులో లేదు. బాగా కింద... ఆరేళ్ళ పిల్ల నుదురు ఉండేంత ఎత్తులో. దాని కింద నేల మీద కొంచెం తడి.

సంయుక్త రోడ్డు పక్కన ఆగి మెసేజ్ నొక్కింది.

"అలిగింది చాలు గానీ, ఇది చూడవే," ప్రవీణ గొంతు నవ్వుతోంది. "మేం ఇంట్లో లేనప్పుడు ఎవరో పేరంటానికి పిలిచి పోయారు. మనవాళ్ళే ఎవరో అయ్యుంటారు. ఇంత కింద పెట్టారేంటో... ఎంత తుడిచినా పోదు. ఎవరు, ఎప్పుడు అని కూడా చెప్పి పోలేదు చూడు."

అక్కడితో ఆమె మాట అయిపోయింది. మెసేజ్ మాత్రం ఇంకా నడుస్తోంది. దూరంగా, గదిలో ఎక్కడో, ఈషా గొంతు.

"టెర్మిన్ చెప్పింది అమ్మా. నాకు చెప్పింది. రేపు సాయంత్రం."

సంయుక్త అక్క నంబరు నొక్కింది. అవతల రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కింది. చెవికి ఫోను ఆనించుకుని తలెత్తి చూసింది.

వీధి చివరినుంచి ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతున్నాయి.